గగనమార్గం – ప్రయాణకాలం

రెండు నగరాల మధ్య దూరం మార్గాన్ని బట్టి మారుతుంది. హైదరాబాదు నుండి తిరుపతికి కర్నూలు, కడపల మీదుగా రోడ్డు మార్గం దాదాపు 560 కిలోమీటర్లు. నదులపై వంతెనలున్న చోట్లను, కొండల నడుమ కనుమలను అనుసరించి రహదారి వంపులు తిరుగుతుంది. విమానానికి ఆ నిర్బంధం లేదు. శంషాబాదు, రేణిగుంట విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 415 కిలోమీటర్లే.

గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పయనించే చిన్న విమానం ఈ దూరాన్ని 50 నిమిషాలలో దాటగలదు. అయినా కాలపట్టికలో గంటకు పైగా చూపుతారు. విమానం నిలిచిన చోటు నుండి కదిలింది మొదలు గమ్యంలో ఆగే వరకు పట్టే కాలమది. రన్‌వేను చేరడం, పైకెగయడం, వేగం తగ్గించుకొని దిగడం అందులో భాగాలే. ఎదురుగాలి ఆ కాలాన్ని పెంచుతుంది, వెనుకగాలి తగ్గిస్తుంది.

ప్రయాణికుని లెక్క వేరు. విమానాశ్రయానికి ముందుగా చేరడం, తనిఖీలు, సామాను కోసం నిరీక్షణ, రేణిగుంట నుండి తిరుపతికి సుమారు 15 కిలోమీటర్ల ప్రయాణం కలిస్తే ఆ గంట నాలుగైదు గంటలవుతుంది. కనుక పరీక్షకో, చికిత్సకో వెళ్లేవారు టికెట్టుపై ఉన్న సమయాన్ని మాత్రమే నమ్ముకోరాదు. ఇల్లు విడిచినప్పటి నుండి గమ్యం చేరే వరకు పట్టేదే నిజమైన ప్రయాణకాలం.