కొట్టివేసిన గీతలు

డిజైన్ కోర్సు చదివిన విద్యార్థి ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు తన పనుల్లోంచి ఏరి కూర్చి పంపే సంపుటిని పోర్ట్‌ఫోలియో అంటారు. సంస్థలు మార్కుల జాబితా కన్నా ముందు దీన్నే తిరగేస్తాయి కాబట్టి, వీలైనన్ని అందమైన బొమ్మలు అందులో కుక్కాలన్న ఆత్రం విద్యార్థుల్లో సహజం. కానీ చివరి బొమ్మ ఎంత నిగనిగలాడినా, అక్కడిదాకా ఏ దారిన వచ్చారో, దారిలో వేటిని ఎందుకు వదిలేశారో చూపకపోతే విద్యార్థి ఆలోచన చూసేవారికి అందదు.

ఈ దృష్టి మన దేశపు డిజైన్ విద్య పునాదుల్లోనే ఉంది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై ఇక్కడ పర్యటించిన అమెరికన్ డిజైనర్ దంపతులు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో సమర్పించిన నివేదికలో మనసారా మెచ్చుకున్నది ఏ శిల్పాన్నో కాదు, మామూలు నీళ్ల చెంబును. దాన్ని తలమీద మోస్తారా చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయినప్పుడూ బరువు ఎటు ఒరుగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, మూతి ఎంత ఉంటే శుభ్రం చేయడం సులువు అంటూ వారు ప్రశ్నలు పేర్చుకుంటూ పోయారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడటానికి ఆ నివేదికే ప్రాతిపదిక.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ చేతిలోని ఫోన్‌లోనే దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి గీసిన బటన్‌లో ‘రద్దు’ అన్న మాట పెడితే కింద వత్తు తెగిపోయే ప్రమాదముంది. ‘స్త్రీ’ వంటి మాటలో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఉంటాయి కాబట్టి ఇరుకు రెండువైపులా మొదలవుతుంది. అక్షరాన్ని చిన్నది చేస్తే వత్తు ఇముడుతుంది గాని చత్వారం వచ్చిన కళ్లకు ఆనదు, బటన్ ఎత్తు పెంచితే కింది వరుస తెర దాటిపోతుంది. ఈ పేచీని పసిగట్టి, రెండు మూడు కొలతల్లో గీసి, నలుగురైదుగురు పెద్దవాళ్ల చేత చదివించి, చివరికి తెరమీంచి దేన్ని తప్పించారో కారణంతో సహా రెండు పేజీల్లో చూపిన విద్యార్థి, పేరున్న యాప్‌కు రంగులు మార్చి ‘రీడిజైన్’ అని పేరుపెట్టిన వారికన్నా ఎంతో ముందుంటారు.

తయారీ పద్ధతి తెలియడం కూడా ఇంతే ముఖ్యం. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, మగ్గం మీద పోగులు కాస్త జరిగి నమూనా అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదురే దాని అందం. కంప్యూటర్‌లో వెంట్రుకవాసి వంపుగీత గీసి నేతగాడి ముందు పెట్టే విద్యార్థికి ఈ సంగతి తెలియదని ఆ గీతే చెప్పేస్తుంది.

జట్టుగా చేసిన పనిలో తన వంతు ఏదో విడమరచి చెప్పడం మర్యాదే కాదు, అవసరం కూడా. ఇంటర్వ్యూ చేసేవారు కొట్టివేసిన గీతల్లో ఒకదానిపై వేలుపెట్టి దీన్నెందుకు వదిలేశారని అడిగినప్పుడు, నచ్చలేదన్న జవాబుతో మాట అక్కడే ఆగిపోతుంది. తడిచేతికి పిడి జారిందన్న జవాబు వస్తే మాత్రం, మరి ఆ పిడిని ఏం చేశారన్న రెండో ప్రశ్న వెంటనే వస్తుంది.