ఇంటర్వ్యూకు ఏ బట్టలు కట్టుకొనవలెను?

ఏటేట ఏప్రిల్, మే మాసములలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోని ప్రైవేటు పాఠశాలలు రాబోవు సంవత్సరమునకు కావలసిన ఉపాధ్యాయులను వెదకుకొనుచుండును. బి.ఎడ్., డి.ఎడ్. ముగించిన యువతీయువకులు చుట్టుప్రక్కల గ్రామములనుండి దరఖాస్తులు చేతబట్టుకొని వత్తురు. వీరిలో ఇంటికి మొదటి పట్టభద్రులైనవారు అనేకులు. ఏ పాఠము చెప్పమందురో అను దిగులు ఒకవైపు, ఏమి కట్టుకొని పోవలెనను దిగులు మరియొకవైపు వారిని పట్టి యుండును. రెండవది చిన్న సంగతివలె కన్పట్టును గాని, దానికొరకు అప్పు చేసి క్రొత్త బట్టలు కొను కుటుంబములు లేకపోలేదు. బట్టలు బాగుండనందుననే ఉద్యోగము రాలేదని ఏండ్ల తరబడి కుములువారును లేకపోలేదు. కనుక ఈ విషయమును కొంత నిదానముగా ఆలోచింతము.

ముందుగా ఒక మాట తేటపరచుకొనవలెను. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయ నియామకమునకు, అనగా వాడుకలోని డీఎస్సీకి, ఇంటర్వ్యూ లేదు. 2024లో 11,062 పదవులకు ప్రకటన వెలువడినది. అందు స్కూలు అసిస్టెంటు, సెకండరీ గ్రేడు పదవులకు కంప్యూటరుపై జరిగిన పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కులు కేటాయించిరి. ఆ నూరు మార్కులలో వేషమునకు పాలు లేదు. తరువాత జరుగునది సర్టిఫికెట్ల పరిశీలన. అచటికి పోవువారు బట్టలకంటె కాగితములనే ఎక్కువ జాగ్రత్తగా సర్దుకొనవలెను. ఇంటర్వ్యూలు జరుగునది ముఖ్యముగా ప్రైవేటు పాఠశాలలలోను, కళాశాలలలోను. గురుకుల జూనియరు కళాశాలల, డిగ్రీ కళాశాలల ఉపన్యాసకుల ఎంపికలో వ్రాతపరీక్షతోపాటు బోధనా ప్రదర్శన కూడ కలదు. మేము చెప్పబోవునది ఇట్టి చోట్లకు పోవువారి కొరకు.

ఈ ఇంటర్వ్యూలో అభ్యర్థి కుర్చీలో కూర్చుండునది కొద్దిసేపే. పేరు, చదువు, అనుభవము విచారించిన పిమ్మట, "ఏదీ, ఒక పాఠము చెప్పండి" అందురు. దీనినే డెమో అనుచున్నారు. ఎదుట పిల్లలైన ఉందురు, లేదా ప్రధానోపాధ్యాయులు, కరస్పాండెంటు మొదలగువారే పిల్లలవలె బల్లలపై కూర్చుందురు. అభ్యర్థి సుద్దముక్క తీసికొని బోర్డువైపు తిరుగవలెను. చేయి తలకంటె పైకెత్తి వ్రాయవలెను. బల్లల నడుమ నడచి, వంగి నోటుపుస్తకము చూడవలెను. కావున బట్టల మంచిచెడ్డలు తేల్చవలసినది కుర్చీ కాదు, నల్లబల్ల. ఏ బట్టలు కట్టుకొన్నచో ఈ పనులన్నియు చేయుచు బట్టల మాటయే మరచిపోగలమో, అవియే తగిన బట్టలు. మాటిమాటికి కొంగు సవరించుకొనవలసి వచ్చినను, చొక్కా లోనికి దోపుకొనవలసి వచ్చినను పాఠము తెగిపోవును. చెప్పువారి మనస్సు చెదరుటయే కాక, వినువారి చూపు కూడ పాఠమును విడిచి బట్టలమీదికి పోవును.

గద్వాల అనగానే చీర తలపునకు వచ్చుట సహజము. గద్వాలలోను, రాజోలిలోను నేయు ఆ చీరకు నడుమ నూలు, అంచులకును కొంగునకును పట్టు. రెండింటిని మగ్గముపైననే కలుపుట ఆ నేతలోని నేర్పు. భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. తిరుమల బ్రహ్మోత్సవములకు ముందు శ్రీవారికి సమర్పించు ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గములపైననే సిద్ధమగును. ఇంతటి నేత మన ఊరిదై యున్నప్పుడు, "మంచి పనికి పోవుచున్నావు, పట్టంచు చీర కట్టుకొమ్మ" అని తల్లి బిడ్డతో అనుటలో ప్రేమయు ఉన్నది, అభిమానమును ఉన్నది. అయినను జరీ కొంగు పెండ్లిలోను, పేరంటములోను శోభించునట్లు తరగతి గదిలో శోభింపదు. దానిపై సుద్దపొడి పడునేమో, బల్ల చీలకు అంచు తగులునేమో అని మనస్సు సగము చీరమీదనే ఉండును. సన్నని అంచు గల సాదా నూలుచీర ఈ పనికి మేలు. పొరుగుననే నేయు నారాయణపేట నూలుచీరలును ఇందుకు అనుకూలములే. మే నెల ఎండలో నూలు చెమటను పీల్చుకొనును, భుజముపై నిలుచును, ఉదికిన మరల క్రొత్తదివలె నుండును.

చీర క్రొత్తదైనచో ముందుగా ఒకసారి ఉదికి కట్టుకొనవలెను. లేనిచో చెమటకు రంగు దిగి రవికకు అంటవచ్చును. భుజమువద్దను, కుచ్చిళ్ళవద్దను పిన్నులు పెట్టుకొన్నచో చేయి ఎత్తినప్పుడు కొంగు జారదు. రవిక చేయి నిండుగా ఎత్తుటకు వీలుగా నుండవలెను. కుచ్చిళ్ళు నేలను రాయుచున్నచో మెట్లపై కాలికి అడ్డుపడును. చేతినిండ గాజులున్నచో బోర్డుపై వ్రాయునప్పుడు అక్షరముకంటె గాజుల చప్పుడే ముందుగా తరగతికి చేరును. రెండేసి గాజులు చాలును.

ఇక పురుషుల సంగతి. వేషము కాలముతో మారునదే. హైదరాబాదు రాష్ట్రములో, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఒకప్పుడు షేర్వానీ పరిపాటి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తలపాగాతో, పొడవైన కోటుతో పాఠములు చెప్పిరి. పల్లెబడి పంతులుగారు పంచె కట్టుతోనే తరతరములకు అక్షరములు దిద్దించిరి. ఈ మూడు వేషములకును పోలిక లేదు. అన్నిటిలోను ఉన్నది శుభ్రతయు, ఒద్దికయు మాత్రమే. నేడు లేతరంగు చొక్కా, ముదురురంగు ప్యాంటు చాలును. అచ్చమైన నలుపుకంటె బూడిదరంగు మేలు, ఏలయన నలుపుపై సుద్దపొడి వెంటనే కన్పట్టును. చొక్కా పొట్టిదైనచో బోర్డుపై వ్రాయునప్పుడు వెనుక ప్రక్క పైకి వచ్చివేయును. కనుక చేయి ఎత్తి చూచుకొని ఎంచుకొనవలెను. జేబులో సెల్‌ఫోనును, తాళపుచెవులను నింపుకొనరాదు. పాఠశాలవారు కోరిననే తప్ప టై, కోటు అక్కరలేదు. వేసవిలో మెడ బిగించుకొనిన గొంతు ఎట్లు పలుకును?

మన ప్రాంతపు ప్రయాణమును కూడ లెక్కలో వేసికొనవలెను. నాగర్‌కర్నూలుకు రైలు లేదు. వనపర్తి రోడ్డు స్టేషను వనపర్తి పట్టణమునకు దూరముగా ఉన్నది. గద్వాలకు రైలున్నను పల్లెలనుండి వచ్చువారికి బస్సో, ఆటోయో తప్పదు. చిక్కని గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్ట గంట ప్రయాణములో మడతలు పడిపోవును. కనుక గంజి పలుచగా పెట్టవలెను. వీలున్నవారు చొక్కాను మడచి సంచిలో పెట్టుకొని, పట్టణమునకు చేరిన పిమ్మట మార్చుకొనవచ్చును. ఒక చేతిరుమాలు, దువ్వెన, రెండు పిన్నులు, మంచినీళ్ళ సీసా వెంట నుండుట మంచిది. అరగంట ముందుగా చేరి, ముఖము కడుగుకొని, చెమట ఆరిన తరువాత లోనికి పోవలెను. చెప్పులు పాతవైనను తుడిచినవి కావలెను. ఆనాడే తొడిగిన క్రొత్త చెప్పులు కరచినచో ఆ నొప్పి ముఖముపై కన్పట్టును, పాఠములో వినబడును.

ముందురోజు ఇంటిలోనే ఒక పరీక్ష చేసికొనుట సులభము. కట్టుకొనదలచిన బట్టలు కట్టుకొని, గోడపై తలకంటె ఎత్తున వ్రాయుచున్నట్లు చేయి కదలించవలెను. వంగి నేలపైనున్న పుస్తకమును తీయవలెను. మెట్లెక్కి దిగవలెను. చెప్పబోవు పాఠమును అయిదు నిమిషములు పైకి చెప్పవలెను. ఇంటిలో ఒకరు గది చివర కూర్చుండి, వెనుక బల్లపైనున్న పిల్లవానివలె చూడవలెను. "నీవు ఏమి కట్టుకొన్నావో నేను చూడలేదు, పాఠమే విన్నాను" అని వారు అన్నచో బట్టలు కుదిరినట్లే.

చీరయే కట్టవలెనా, చుడీదారు తగునా అని ఆడపిల్లలు అడుగుచుందురు. దీనికి దేశమంతటికి ఒకే నియమము లేదు. 2021 నవంబరులో కేరళ ప్రభుత్వము, అధ్యాపికలు చీరయే ధరించవలెనని సంస్థలు నిర్బంధింపరాదని తెలిపినది. 2024 మార్చిలో మహారాష్ట్ర ప్రభుత్వము ఉపాధ్యాయుల దుస్తులనుగూర్చి ఉత్తరువు వెలువరించుచు జీన్సు ప్యాంట్లు, టీషర్టులు వలదన్నది. అయితే స్త్రీలకు చీరతోపాటు సల్వారు, చుడీదారులను కూడ అంగీకరించినది. మన పట్టణములలోని ప్రైవేటు పాఠశాలలలో ఎవరి పద్ధతి వారిది. కావున ముందుగా ఆఫీసుకు ఫోను చేసి అడుగుటలో తప్పు లేదు. చుడీదారు అలవాటైనవారు, పాఠశాల అంగీకరించినచో, అదియే ధరించుట మేలు. జీవితములో రెండవసారియో, మూడవసారియో చీర కట్టుకొని పాఠము చెప్పబోవుట ఒక పరీక్షపై మరియొక పరీక్ష తెచ్చిపెట్టుకొనుటయే. బొట్టు, తలపై ముసుగు, తలపాగా మొదలగునవి ఎవరి ఆచారము వారివి. శుభ్రముగా, కుదురుగా ఉన్నచో అవి పాఠమునకు అడ్డు రావు.

చివరగా ఇంటి పెద్దలకు ఒక మనవి. ఇంకను రాని జీతమును ముందుగానే బట్టలకు వ్రాసివేయవలదు. ఉద్యోగము వచ్చినను మొదటి నెల జీతము అప్పునకే పోవును. రానిచో నిరాశపై అప్పు మిగులును. ఇంటిలో ఉన్నవాటిలో మంచిదానిని ఉదికి, చిరుగు కుట్టి, గుండీలు సరిచూచి ఇస్త్రీ చేసి ఇచ్చినచో చాలును. ఆ డబ్బు ప్రయాణమునకో, అవసరమైన పుస్తకమునకో ఉపకరించును.

ఎంపిక చేయు పెద్దలకును ఒక మాట. ఎదుట నిలిచిన యువతి చీర వెల ఎంతయో, యువకుని చొక్కా ఏ దుకాణములోనిదో చూచుట కంటె, వారు అడిగిన ప్రశ్నకు వెనుక బల్లపైనున్న పిల్లవాడు చేయి ఎత్తెనా లేదా అని చూచుట న్యాయము. ఉదికిన బట్ట అభ్యర్థి చేతిలో ఉన్న పని. ఖరీదైన బట్ట చాలమందికి చేతిలో లేనిది. బట్టలు ఉద్యోగమును ఇప్పింపలేవు. పాఠమునకు అడ్డు రాకుండ ఒదిగి యుండుట మాత్రమే వాటి పని. మిగిలిన పని అంతయు సుద్దముక్క పట్టిన చేతిది.