ఎవరూ క్లిక్ చేయలేదు, అయినా కంప్యూటర్లు లాక్ అయ్యాయి: వాన్నాక్రై వెనక ఉన్న చిన్న లెక్క తప్పు

ఈ ఎపిసోడ్‌ని మా కంబదూరులో మిద్దె మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. గాలి శబ్దం వస్తే సర్దుకోండి.

2017 మే నెల. నేను బీటెక్‌లో ఉన్నా, వేసవి సెలవులు. ఏదో అప్లికేషన్ పెట్టడానికి పక్క టౌన్‌లో ఒక నెట్ సెంటర్‌కి పోయినా. నేను లేచి వచ్చిన కాసేపటికి ఆ సిస్టం మీద ఎర్ర స్క్రీన్ వచ్చింది: మీ ఫైళ్లకు తాళం వేశాం, 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టండి అని. అందులో ఎంతమంది పిల్లోళ్ల సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్నాయో! అన్నీ పోయినాయి. సెంటర్ అన్న నాకు ఫోన్ చేసి "ఏం సైట్ తెరిచినావు రా నువ్వు?" అని అరిచినాడు. నేను తెరిచింది ఒక్క అప్లికేషన్ పేజీ. కానీ చివర్న కూర్చున్నది నేనే కదా, ఏం చెప్పినా నమ్మలేదు. నాకే డౌట్ వచ్చింది, నిజంగా నేనేమైనా నొక్కినానా అని.

అదే వారాంతం ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా ఇదే జరిగింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని వార్తలు వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానంలో కూడా కొన్ని సిస్టంలు. బ్రిటన్‌లో అయితే ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మొత్తం 150 దేశాలు, 2 లక్షలకు పైగా కంప్యూటర్లు. ఇన్ని చోట్ల ఎవరో ఒకరు పాడు లింక్ నొక్కారా? లేదు. వాన్నాక్రై పాకడానికి ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు.

ఎందుకంటే తప్పు విండోస్ నెట్‌వర్క్ కోడ్‌లోనే ఉంది. ఒక కంప్యూటర్ ఫోల్డర్‌ని, ప్రింటర్‌ని ఇంకో కంప్యూటర్ వాడుకోవడానికి ఎస్ఎంబీ అనే పద్ధతి ఉంది. అది 445 నంబర్ పోర్ట్ దగ్గర చెవి పెట్టుకుని ఉంటుంది. నెట్‌వర్క్ కోడ్ కష్టం ఇదే: వచ్చింది చుట్టమో దొంగో తెలియకముందే తలుపు తీసి, వాడు తెచ్చిన మూట విప్పి చూడాలి.

ఆ మూట విప్పే చోటే తప్పు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, అసలు మజా ఇదే.

మన శెనక్కాయల గోడౌన్ అనుకోండి. చీటీలో మూటల సంఖ్య రాయడానికి రెండు గడులు: ఎడమ గడిలో వందలు, కుడి గడిలో చివరి రెండు అంకెలు. లారీ వాడు 100 మూటలని చీటీ తెచ్చాడు: ఎడమ 1, కుడి 00. గుమాస్తా చూస్తే చివరి రెండు మూటలు పనికిరానివి, మంచివి 98. సరిగ్గా 98 మూటలకే చోటు ఖాళీ చేయించాడు. తర్వాత చీటీ దిద్దాడు. కానీ కుడి గడి మాత్రమే దిద్దాడు. 98 అని రాశాడు, ఎడమ గడిలో 1 అట్లే ఉండిపోయింది. ఇప్పుడు చీటీ ఏం చెప్తోంది? 198! హమాలీలు చీటీ చూసే దించుతారు. 98 మూటల చోటు నిండినాక మిగతావి పక్కవాడి సరుకు మీద పడతాయి.

విండోస్‌లో అచ్చం ఇదే. లిస్ట్ సైజు 32 బిట్ల గడిలో ఉంది, దిద్దేటప్పుడు కోడ్ అందులో 16 బిట్లే రాసింది. దాడి చేసేవాడు కావాలనే 65,536 అని పంపాడు. సరైన లెక్క 65,373 కావాలి, కానీ అయింది 1,30,909. తగ్గాల్సిన సంఖ్య రెట్టింపు అయిపోయింది. ఒక్క లైన్ తప్పు! నేను కూడా ఉద్యోగంలో ఇట్లాంటివి రాసినా, రివ్యూలో ఎవరూ పట్టుకోలేదు. అందుకే ఆ కోడ్ రాసినవాళ్లని చూసి నవ్వలేను.

పక్కన పడితే ఏమవుతుంది? మామూలుగా అయితే సిస్టం క్రాష్ అవుతుంది, అంతే. కానీ దాడి చేసేవాడు ముందే బోలెడు కనెక్షన్లు తెరిచి, పక్క చోట్లో తనకు కావాల్సిన డేటానే ఉండేలా ఏర్పాటు చేసుకుంటాడు. అందులో 'తర్వాత వచ్చే డేటాని ఫలానా చోట పెట్టు' అనే చిరునామా ఉంటుంది. పొర్లిన బైట్లు దాన్ని మార్చేస్తాయి. ఇక వాడి ప్రోగ్రాం కెర్నెల్ లోపలే నడుస్తుంది. అక్కడ యాంటీవైరస్ మాట కూడా పెద్దగా చెల్లదు.

ఈ దాడి ప్రోగ్రాం పేరు ఎటర్నల్‌బ్లూ. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏది అంటారు. 2017 ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే గుంపు దాన్ని బయట పెట్టింది. మైక్రోసాఫ్ట్ అంతకు నెల ముందే, మార్చి 14న, అప్‌డేట్ ఇచ్చేసింది. వాన్నాక్రై వచ్చింది మే 12న. లెక్కేస్తే 59 రోజులు మందు షెల్ఫ్‌లోనే ఉంది. చాలామంది పాత ఎక్స్‌పీని తిట్టారు గానీ, ఎక్కువగా పడినవి విండోస్ 7 సిస్టంలే. వాటికి మందు ఉంది, వేసుకోలేదు.

మా నెట్ సెంటర్‌లోనూ విండోస్ 7నే. బ్రాడ్‌బ్యాండ్ వైరు నేరుగా సిస్టంలోకి, అప్‌డేట్లు ఆఫ్. ఒకసారి నేనే అడిగినా ఎందుకన్నా అని. "డేటా అంతా అదే తినేస్తుందప్పా" అన్నాడు. ఆయన బాధ అబద్ధం కాదు, అప్పట్లో నెట్ బిల్లు అట్లా ఉండేది.

మా దగ్గర విండోస్ లేదు, ఫోనే కదా అంటారా? 2020 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ బ్లూటూత్ కోడ్‌లో బ్లూఫ్రాగ్ అనే తప్పు బయటపడింది. ముక్కలుగా వచ్చిన ప్యాకెట్లని కలిపే చోట మళ్లీ పొడవు లెక్కే తప్పింది. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్‌లో బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు, దగ్గర్లో ఉన్నవాడు లోపలికి రాగలడు. ఇక్కడా క్లిక్ అక్కర్లేదు. ఆ నెల అప్‌డేట్‌లోనే సరిచేశారు.

మీ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్‌లోకి పోయి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఈ ఎపిసోడ్‌కి ముందు మా నాయన ఫోన్‌లో చూసినా: 2019 నవంబర్. కంపెనీ ఇక అప్‌డేట్ ఇవ్వదు. శెనక్కాయలు అమ్మిన డబ్బు పడేది ఆ ఫోన్‌తో లింక్ అయిన అకౌంట్‌లోకే. బ్లూటూత్ ఆఫ్ చేసినా, డబ్బుల యాప్ తీసి నా పాత ఫోన్‌లో పెట్టినా. నాయన ఇంకా గొణుగుతానే ఉన్నాడు, ఆ ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయంట.