ఆఖరి పరీక్ష అయిపోయింది.. పిల్లలు ఎక్కడికెళ్లారు?

పదో తరగతి ఆఖరి పరీక్ష రోజు ఏ పరీక్ష కేంద్రం ముందు చూసినా ఒకటే సందడి. పెన్నులు విప్పి ఒకరి మీద ఒకరు ఇంకు చల్లుకుంటారు. తెల్ల చొక్కాల మీద స్నేహితులతో సంతకాలు పెట్టించుకుంటారు. రంగులు పూసుకుంటారు, సెల్ఫీలు దిగుతారు. ఏడాదంతా స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్స్ మధ్య నలిగిన పిల్లలు మరి! ఆ మాత్రం సరదా ఉండాల్సిందే. చొక్కా పాడైందని కోప్పడకండి. డాక్టరుగా నా భయమంతా ఆ తర్వాతి మూడు నాలుగు గంటల గురించే.

పరీక్ష మధ్యాహ్నానికి ముగుస్తుంది. మండే ఎండ. ఒంటి నిండా రంగులు. ఇంట్లో ఎవరూ అప్పుడే ఎదురుచూడరు. ‘పదండిరా, కాలువకెళ్లి కడుక్కుని వద్దాం’ అని ఒకరంటే చాలు, పది మంది కదులుతారు. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో పత్రికల జిల్లా పేజీల్లో ఆ తర్వాతి వార్తలు చదువుతూనే ఉన్నాం. అందులో చాలావరకు ఒకే ఊరి, ఒకే తరగతి పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిలో అత్యధికం నివారించదగ్గవే.

నీళ్లు మోసం చేసేది ఇక్కడే

పెద్ద కాలువలు: సాగర్ కాలువల్లాంటి వాటికి చాలాచోట్ల సిమెంటు లైనింగ్ ఉంటుంది. ఏటవాలు గోడకు పాచి పడుతుంది. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. పట్టుకోవడానికి చెట్టు వేరు కూడా ఉండదు. పైకి నిదానంగా కనిపించినా ప్రవాహం లాగేస్తుంది.

నదులు: ఇసుక తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తర్వాతి అడుగులో మనిషి లోతుకు పడిపోతాడు. ఎగువన డ్యాం నుంచి నీళ్లు వదిలితే నిమిషాల్లో ప్రవాహం పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది ఇలాగే.

చెరువులు, క్వారీ గుంతలు: పూడిక తీసిన, మట్టి తవ్విన చెరువుల్లో లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అడుగున బురద కాలిని పట్టేస్తుంది. క్వారీ గుంతల అంచులు నిలువుగా ఉండటంతో మొదటి అడుగే లోతులో పడుతుంది.

సముద్రం: ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు పైకి పెద్దగా తెలియవు. వాటికి ఎదురీదితే అలసట తప్ప ఫలితం ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డు వైపు రావాలి.

‘మావాడికి ఈత వచ్చు’ అని ధీమా పడొద్దు. స్విమ్మింగ్ పూల్‌లో ప్రవాహం ఉండదు, గుంతలు ఉండవు, కాపలా మనిషి ఉంటాడు. కాలువలో ఇవన్నీ తలకిందులు. పైగా తడిసిన యూనిఫాం బరువు, పొద్దున సరిగా తినక నీరసం, ఎండ దెబ్బ తోడవుతాయి. ఈ వయసులో మెదడులో తొందరపాటును అదుపు చేసే భాగం ఇంకా పూర్తిగా ఎదగదు. పక్కన స్నేహితులుంటే సాహసం మరింత పెరుగుతుంది. బుద్ధిమంతుడైన పిల్లవాడు కూడా ఆ గుంపులో ‘నేను రాను’ అనలేడు.

మునిగేవాళ్లు అరవరు

సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ ‘కాపాడండి’ అని కేకలు వేయడం నిజంలో అరుదు. ఊపిరి కోసం పెనుగులాడేవారికి అరిచే శక్తి ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో మునుగుతూ తేలుతూ ఉంటుంది. చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. పక్కనున్నవాళ్లు ఆట అనుకుంటారు. నిమిషం తిరక్కుండానే మనిషి మునిగిపోవచ్చు.

నీళ్లు శ్వాసమార్గంలోకి వెళ్లాక రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. కాసేపటికే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఆక్సిజన్ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడుకు శాశ్వత నష్టం మొదలవుతుంది. 108 ఎంత వేగంగా వచ్చినా ఆలోపు చేరడం కష్టం. కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లు ఏం చేస్తారన్నదే కీలకం.

ఒకరి కోసం ఒకరు దూకొద్దు

ఒకే ప్రమాదంలో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం స్నేహమే. మొదటివాడు మునుగుతుంటే రెండోవాడు దూకుతాడు. మునిగేవాడు ప్రాణభయంతో అతడి మెడ పట్టేసుకుంటాడు. ఇద్దరూ కిందికి పోతారు. మీ పిల్లలకు మూడు మాటలు నేర్పండి: దూకకు, కేకెయ్, విసురు. ఒడ్డునే ఉండి పెద్దవాళ్లను పిలవాలి. తాడు, పొడవాటి కర్ర, ముడివేసిన చున్నీలు, తువ్వాళ్లు అందించాలి. అందించేటప్పుడు తాము నేల మీద పడుకోవాలి, లేదంటే వాళ్లనూ లాగేస్తారు. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాను విసిరినా తేలడానికి ఆసరా అవుతుంది.

ఒడ్డుకు చేర్చాక

పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం, ఉప్పులో కప్పిపెట్టడం.. ఇవన్నీ విలువైన నిమిషాలను మింగేసేవే. పొట్ట నొక్కితే లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ముప్పు కూడా ఉంది. చేయాల్సింది ఇదీ:

• ఒకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. మరొకరు చికిత్స మొదలుపెట్టాలి.

• వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, పిలిచి చూడాలి. ఛాతీ కదులుతోందా అని గమనించాలి. ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

• స్పందన, ఊపిరి లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదాలి. ఇక్కడ గుండె ఆగడానికి మూలం ఆక్సిజన్ అందకపోవడమే. అందుకే ఊపిరి అందించడం ముఖ్యం.

• తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి 30 సార్లు నొక్కాలి. ఛాతీ 5 సెంటీమీటర్లు కిందికి దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్సు వచ్చేదాకా ఇలాగే కొనసాగించాలి. ఊదడం రాకపోతే కనీసం నొక్కడమైనా ఆపొద్దు.

మునిగి బయటపడిన పిల్లవాడు లేచి కూర్చున్నా, ‘బాగానే ఉన్నా’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లిన నీళ్లు ఊపిరితిత్తుల్లోని గాలి గదుల పనిని దెబ్బతీస్తాయి. కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు. దగ్గు, ఆయాసం, మగత ఉంటే క్షణం ఆలస్యం చేయొద్దు. ఏమీ లేకపోయినా కొన్ని గంటలు వైద్యుల పరిశీలనలో ఉంచడమే మంచిది.

ముందు రోజు రాత్రి మాట్లాడండి

ఆఖరి పరీక్ష ముందు రాత్రి, పుస్తకం మూశాక, ‘రేపు పరీక్ష అయ్యాక మీ ప్రోగ్రాం ఏంటి నాన్నా?’ అని అడగండి. ‘నీళ్ల దగ్గరికెళ్తే కాళ్లు విరగ్గొడతా’ అంటే వెళ్లడం మానరు, చెప్పడం మానేస్తారు. అదింకా ప్రమాదం. ఇలాంటి చోట్ల భయపడిపోయిన స్నేహితులు ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరుగెత్తడం, ఆలోపు విలువైన సమయం పోవడం జరుగుతుంటుంది. ‘ఎక్కడికెళ్లినా సరే, ఎవరికి ఏమైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్. నిన్ను ఒక్క మాట అనను’ అని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.

వద్దన్నప్పుడు బదులుగా ఇంకోటి చూపించాలి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఎవరో ఒకరింట్లో బిర్యానీ పెట్టించండి. మేడ మీద పైపుతో నీళ్లు చల్లుకుని రంగులు కడుక్కోనివ్వండి. సాయంత్రం సినిమాకు పంపండి. ఈదాలనే ఉంటే కాపలా ఉండే పూల్‌కు, పెద్దవాళ్లు తోడుగా వెళ్లండి. పాఠశాలలు కూడా ఆ మధ్యాహ్నం ప్రాంగణంలోనే కాసేపు వేడుక పెడితే పిల్లలు అక్కడే ఉంటారు. కాలువ గట్టున ఉండే గ్రామాల పెద్దలు ఆ ఒక్కపూట గట్టు మీద ఇద్దరిని కాపలా ఉంచినా చాలు.

ఇంకు మరకల చొక్కాతో ఇంటికొచ్చిన పిల్లలకు ముందు అన్నం పెట్టండి. ఎలా రాశావని రేపైనా అడగొచ్చు.