ఒంటరిగా ఒకటి, జంటగా ఇంకొకటి

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి క్యాన్సర్ గురించి చెప్పడంలో ఒక సుఖం ఉంది, ప్రశ్నలు సూటిగా వస్తాయి. డీఎన్‌ఏ దెబ్బతింటే పి53 అనే ప్రొటీన్ కణవిభజనను ఎలా ఆపుతుందో, దెబ్బ మరీ పెద్దదైతే కణాన్నే ఎలా చంపేస్తుందో చెబుతున్నాను. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "దాదాపు సగం క్యాన్సర్లలో ఆ జీన్ పాడై ఉంటుందన్నారు కదా సార్, మరి దానికి బ్యాకప్ లేదా?"

ఉంది. పేరు పి73. 1997లో బయటపడింది. డీఎన్‌ఏని పట్టుకునే భాగం అచ్చం పి53 పోలికే. క్యాన్సర్లలో ఈ జీన్ చెడిపోవడం అరుదు. సిస్‌ప్లాటిన్ మందు డీఎన్‌ఏని దెబ్బతీసినప్పుడు పి73 పెరిగి కణాన్ని చావువైపు నడిపిస్తుందని 1999కల్లా తేలింది.

ఇంత మంచి బ్యాకప్ ఉండగా క్యాన్సర్ ఎందుకొస్తున్నట్టు? ఇక్కడే నాకు బాగా ఇష్టమైన దాయాదుల పోరు మొదలవుతుంది. అదే జీన్‌లో, ఇంకాస్త లోపలున్న రెండో ప్రమోటర్ (జీన్‌ని చదవడం మొదలయ్యే చోటు) నుంచి ఓ పొట్టి ప్రొటీన్ కూడా తయారవుతుంది: డెల్టా-ఎన్ పి73. జీన్లను ఆన్ చేసే ముందు భాగం దీనికి ఉండదు. అయినా డీఎన్‌ఏని పట్టుకోగలదు కనక అసలు పి73 కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. పి73లు నాలుగేసి కలిసి పనిచేస్తాయి. ఆ నాలుగింటిలోకీ దూరి పని చెడగొడుతుంది. నాడీకణాలకు దీనివల్ల మేలే, అకారణంగా చావకుండా కాపాడుతుంది. కణితికీ అదే కాపుదల దొరికితేనే చిక్కు.

ఇంకో మెలిక. అసలు పి73 ఆన్ చేసేవాటిలో ఈ పొట్టిదాని ప్రమోటర్ కూడా ఉంది. తన అడ్డంకిని తనే పెంచుకుంటుందన్నమాట! మామూలప్పుడు అది మంచి బ్రేకు. డీఎన్‌ఏ తెగినప్పుడు మాత్రం ఒకదాన్ని నిలబెడుతూనే రెండోదాన్ని కూల్చాలి. రెండూ ఇంచుమించు ఒకే ప్రొటీన్ అయినప్పుడు కణం వాటిని ఎలా విడదీస్తుంది?

జవాబు మన ఊళ్ళోనే దొరికింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే నేరుగా ఉప్పల్. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఇప్పుడు అక్కడే ఉంది. ఆ పేరు వినగానే కోర్టు కేసులు గుర్తొస్తాయి గానీ, అక్కడ మద్దిక సుబ్బారెడ్డి ల్యాబ్ చూసేది ప్రొటీన్ల ఆయుష్షు. కణం తనకు అక్కర్లేని ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్‌ను గొలుసుగా తగిలిస్తుంది. గొలుసు పడ్డదాన్ని ప్రొటియాసోమ్ ముక్కలు చేస్తుంది. గొలుసు ఎవరికి వెయ్యాలో ఎంచేవి ఇ3 లైగేజ్‌లు. వాటిలో డబ్ల్యూడబ్ల్యూపి2 అనేది పిటెన్ అనే మరో కణితి నిరోధకాన్ని కూలుస్తుందని ఈ ల్యాబ్ 2011లోనే చూపించింది. (ఇలాంటి పేర్లు పెట్టినవాళ్ళకి నోరెలా తిరిగిందో!) 2014లో చౌదరి, సుబ్బారెడ్డి ప్రచురించిన పనిలో పి73 వెనకా అదే తేలింది.

ఒంటరిగా ఉన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూపి2 నిండు పి73ని కూలుస్తుంది. తన చుట్టం డబ్ల్యూడబ్ల్యూపి1తో జతకట్టిందా, గురి మారి పొట్టిదాన్ని కూలుస్తుంది. ఒంటరా, జంటా అన్నది తేల్చే మీట పిపిఎం1జి. అదొక ఫాస్ఫటేజ్, ప్రొటీన్ల మీది ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైము. కణం ఒత్తిడిలో పడగానే ఒంటరి డబ్ల్యూడబ్ల్యూపి2 పని ఆగిపోతుంది, జంట మాత్రం చెక్కుచెదరదు. పి73 పేరుకుంటుంది, పొట్టిది కూలుతూనే ఉంటుంది. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి.

మరి దీన్ని మందుగా మలుచుకోగలమా? పి53ని కూల్చే లైగేజ్ ఎండీఎం2. దాన్ని అడ్డుకునే నట్లిన్ అణువులు 2004లోనే వచ్చాయి. ఇక్కడ అంత సులువు కాదు. డబ్ల్యూడబ్ల్యూపి2ని మొత్తంగా అడ్డుకుంటే జంట కూడా పోతుంది, పొట్టిది మిగిలిపోతుంది. ఒంటరిగా ఉన్నదాన్ని మాత్రమే పట్టే అణువు కావాలి.