నాచు కట్టిన నేల

వానకాలమున పాతగోడలపై పచ్చని నాచు మొలచును. దానిని అల్పమని తలచుట పొరపాటు. శీతలదేశములలో స్ఫాగ్నము అను నాచు ఏకముగా నేలనే నిర్మించుచున్నది. నీట నానిన చోట అది పెరిగి, చచ్చియు పూర్తిగా కుళ్లక, పొరలుగా పేరుకొనును. అదియే పీటు. ఒక మీటరు మందము పేరుకొనుటకు సుమారు వేయి సంవత్సరములు పట్టును.

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున బ్వా-దె-బెల్ అను పీటునేల కలదు. తోటల పెంపకమునకై అచ్చటి పీటును తీయుటకు కాలువలు త్రవ్వి నీటిని వెడలించిరి. 1972 నుండి 1980 వరకు ఈ పని సాగినది. పిమ్మట దాదాపు ఇరువదేండ్లు విడిచిపెట్టినను స్ఫాగ్నము తిరిగి అల్లుకొనలేదు. దానికి వేళ్లు లేవు; పైపొర ఎండినచో లోతునుండి నీటిని గుంజుకొనలేదు.

1999లో లావల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల పద్ధతి ననుసరించి కాలువలకు అడ్డుకట్టలు వేసిరి. చెడని పీటునేలనుండి నాచుముక్కలు తెచ్చి వెదజల్లిరి. తేమ నిలుచుటకు ఎండుగడ్డి పరచిరి. కొద్దిగా భాస్వరపు ఎరువు చల్లిరి. స్ఫాగ్నమునకు విత్తనముతో పనిలేదు. తునిగిన ముక్కయే మొక్కయగును.

పాలిట్రైకం అను మరియొక నాచు ముందుగా వ్యాపించి, మంచుకు పొంగి కదలు నేలను పట్టియుంచినది. దాని అండన స్ఫాగ్నము అల్లుకొనినది. దూదికుచ్చులవంటి వెన్నులుగల తుంగజాతి గడ్డియు తలయెత్తినది. సుమారు పదునాలుగేండ్లకు, ఆ నేల విడుచుదానికంటె ఎక్కువ కర్బనమును గ్రహించి నిలువచేయుచున్నదని కొలతలు తెలిపినవి.

అయినను పోయిన పీటు తిరిగి రాలేదు. పచ్చని తివాచీని ఒక తరము వారు పరువగలరు. ఎనిమిదేండ్లలో తీసిన లోతు నిండుటకు శతాబ్దములు కావలెను.