మీకు తెలుసా? టైరు ఒక్కటే వెడల్పయితే చాలదు

కోన్ల మధ్య మెలికలు తిరుగుతూ తక్కువ సమయంలో చుట్టి రావాల్సిన కారు పోటీ ఆటోక్రాస్. మలుపుల్లో పట్టు కోసం ఇందులో వెడల్పాటి టైర్లు వేస్తుంటారు. కానీ ఇరుకు రిమ్ముకు మరీ వెడల్పాటి టైరు తొడిగితే మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది, ట్రెడ్ అంచులు ముందే అరిగిపోతాయి. 2011 సుబారు ఎస్‌టీఐ కారుకు కంపెనీ ఇచ్చిన జోడీ చూడండి: 8.5 అంగుళాల రిమ్ము, 245 మిల్లీమీటర్ల టైరు. రిమ్ము అర అంగుళం పెరిగితే అదే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు విస్తరిస్తుంది. ఫెండర్‌కు రాసుకుంటుందేమో ముందే కొలవాలి.

ఎస్‌టీఐ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో, అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే కార్లలో, ఇంకో చిక్కు. ముందూ వెనుకా టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ తెరిపి లేకుండా పనిచేసి వేడెక్కుతుంది. అందుకే నాలుగూ ఒకే సైజు వేయడం మంచిది. పోటీ నిబంధనలూ చూసుకోవాలి. అమెరికాలోని ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు నడిపే ఆటోక్రాస్ పోటీల స్ట్రీట్ తరగతిలోనైతే టైరు సైజు మార్చవచ్చు, రిమ్ము వెడల్పు మార్చకూడదు. కొనేముందు మీ తరగతి నిబంధనలు చదవండి.